పీసీఎల్ నానోఫైబర్ పొరలో కర్క్యుమిన్: విడుదల గ్రాఫ్ ఎందుకు కిందికి దిగుతోంది?

ప్రశ్న (ఎం.ఫార్మసీ విద్యార్థిని, విశాఖపట్నం)

నమస్కారం. మధుమేహ రోగుల కాళ్లపై త్వరగా మానని పుండ్లకు కట్టుగా పనికొచ్చే స్కాఫోల్డ్‌ను (కణాలు పెరగడానికి ఆధారంగా నిలిచే పొరను) నా ప్రాజెక్టుగా ఎంచుకున్నాను. పాలీకాప్రోలాక్టోన్ (పీసీఎల్) అనే పాలిమర్‌ను క్లోరోఫాం, మిథనాల్ మిశ్రమంలో కరిగించి, అందులో కర్క్యుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) కలిపి, ఎలక్ట్రోస్పిన్నింగ్ (అధిక వోల్టేజీతో ద్రావణాన్ని సన్నని పోగులుగా లాగే పద్ధతి) ద్వారా నానోఫైబర్ పొరగా తీస్తున్నాను. పసుపుపచ్చని పొర చక్కగానే వస్తోంది. కానీ 37 డిగ్రీల వద్ద ఫాస్ఫేట్ బఫర్‌లో విడుదల పరీక్ష చేస్తే, తొలి గంటల్లో పెరిగిన కర్క్యుమిన్ పరిమాణం ఆ తర్వాత తగ్గినట్లు కనిపిస్తోంది. పొరలోంచి బయటికి వచ్చిన పదార్థం మళ్లీ లోపలికి పోదు కదా? కర్క్యుమిన్ శాతాన్ని పెంచితే సరిపోతుందా, లేక పాలిమర్‌నే మార్చాలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (పాలిమర్ పరిశోధకుడు, హైదరాబాద్)

మీ గ్రాఫ్ తప్పుగా ఏమీ లేదండీ. బయటికి వచ్చిన కర్క్యుమిన్ బఫర్‌లోనే విచ్ఛిన్నమైపోతోంది. సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరయ్యే ద్రవం) లేని, 7.2 పీహెచ్ ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో 37 డిగ్రీల వద్ద సుమారు 90 శాతం కర్క్యుమిన్ అరగంటలోనే క్షీణిస్తుందని 1990లలోనే తేలింది. పైగా అది నీటిలో దాదాపు కరగదు, వెలుతురుకూ పాడవుతుంది. కాబట్టి 425 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం దగ్గర మీరు కొలుస్తున్నది విడుదలైన మొత్తం కాదు, అందులో ఆ క్షణానికి మిగిలి ఉన్నది మాత్రమే. బఫర్‌లో కొద్దిగా ట్వీన్ 80 (నీటిలో కరగనివాటిని కరిగేలా చేసే సర్ఫాక్టెంట్) గానీ సీరం గానీ చేర్చి, సీసాలకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, పరీక్ష ముగిశాక పొరను కరిగించి అందులో ఎంత మిగిలిందో కూడా కొలవండి. అప్పుడే లెక్క రెండు వైపులా సరిపోతుంది. ఇది పరీక్షనాళికకే పరిమితమైన ఇబ్బంది కాదు. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఉపరితలం ఆమ్ల స్వభావంతో ఉంటుంది, దీర్ఘకాలం మానని పుండు మాత్రం తరచుగా క్షార స్వభావం వైపు జరుగుతుంది. అంటే మందు అవసరమైన చోటే కర్క్యుమిన్‌కు నిలకడ తక్కువ.

శాతం పెంచడం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. పరిమితి దాటితే కర్క్యుమిన్ పోగు ఉపరితలం దగ్గర స్ఫటికాలుగా పేరుకుని, తొలి గంటల్లోనే ఒక్కసారిగా బయటపడుతుంది. ఇక పీసీఎల్ పూర్తిగా క్షీణించడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. రెండు మూడు వారాల కట్టు విషయంలో అది క్షీణించే పాలిమర్ అన్న గుణం మీకు ఉపయోగపడేది చాలా తక్కువ. మందు వ్యాపనం వల్లనే బయటికి వస్తుంది, పాలిమర్ విరగడం వల్ల కాదు. లాక్టైడ్, గ్లైకోలైడ్ సమపాళ్లలో ఉన్న పీఎల్‌జీఏ అనే పాలిమర్ అయితే వారాల్లోనే కరగడం మొదలవుతుంది, కాకపోతే లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలను వదులుతుంది. మరో మార్గం పీసీఎల్‌లో జిలాటిన్ కలపడం. అప్పుడు పొర నీటిని పీల్చుకుంటుంది, కణాలు కూడా బాగా అంటుకుంటాయి. జిలాటిన్ 37 డిగ్రీల వద్ద కరిగిపోకుండా క్రాస్‌లింక్ చేయాలి (దాని గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేయాలి). ఇందుకు వాడే గ్లుటరాల్డిహైడ్ అవశేషం కణాలకు హానికరం కాబట్టి చాలామంది జెనిపిన్ వాడతారు. అది పొరను ముదురు నీలంగా మారుస్తుంది, దానిపై మీ పసుపు రంగు కనిపించదు, కంగారు పడకండి.

విశాఖ గాలి గురించి ఒక మాట. తేమ ఎక్కువైన రోజున క్లోరోఫాం ఆవిరవుతుంటే పోగు చల్లబడి, దానిపై నీటి బిందువులు చేరి సూక్ష్మ రంధ్రాలు ఏర్పడతాయి. ఒకే ద్రావణం వానాకాలంలో ఒక పొరను, చలికాలంలో మరో పొరను ఇస్తుంది. తేమ శాతాన్ని ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

జవాబు 2 (శస్త్రచికిత్స విభాగంలో పనిచేస్తున్న వైద్యురాలు)

పొర గురించి చెప్పడానికి నాకు అంత జ్ఞానం లేదు గానీ, పుండు గురించి చెప్పగలను. మధుమేహ పుండుకు ముందుగా చూడవలసినవి కాలికి రక్తప్రసరణ, ఇన్‌ఫెక్షన్, పుండుపై పడుతున్న ఒత్తిడి. ఒత్తిడి తీయకుండా ఎంత ఖరీదైన కట్టు వేసినా ఫలితం ఉండదు. వార్డులో మేము కట్టును అడిగేది రసిని పీల్చుకోవాలని, అయితే పుండును ఎండబెట్టకూడదని, విప్పేటప్పుడు కొత్తగా వచ్చిన కణజాలాన్ని ఊడదీయకూడదని. నీటిని వికర్షించే ఒట్టి పీసీఎల్ పొర మొదటి పనిలోనే వెనకబడుతుంది. మీ పరీక్షల్లో రసిని పీల్చే సామర్థ్యాన్ని, తడిసినప్పటి బలాన్ని చేర్చండి.

జవాబు 3 (జీవపదార్థాల పరిశోధకురాలు)

పాలిమర్‌ను మార్చమన్న సలహా సరైనదే గానీ, పీసీఎల్‌ను అంత తేలికగా తీసిపారేయకూడదని నా అభిప్రాయం. కైటోసాన్ అనే సహజ పాలిమర్ రొయ్య, పీత పెంకుల నుంచి వస్తుంది, రొయ్యల సాగులో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ముడిసరుకుకు లోటు లేదు, రక్తస్రావం ఆపడంలో దానికి పేరుంది. అయితే ఒంటరిగా పోగుగా తీయడం కష్టం. దాని కింద పీసీఎల్ వంటి దృఢమైన ఆధారం ఉంటేనే సర్జన్ చేతికి అందే పొర తయారవుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మీరు తర్వాత చేయబోయే పరీక్షలే. కర్క్యుమిన్‌కు రంగుంది, ఆక్సీకరణను అడ్డుకునే గుణమూ ఉంది. కణాలు బతికున్నాయో లేదో రంగు మార్పుతో చూపే ఎంటీటీ రసాయనాన్ని కణాల ప్రమేయం లేకుండానే క్షయకరణం చేసి, కణాలు బతికున్నాయన్న భ్రమ కల్పించగలదు. పరీక్ష ప్లేటులో కణాలు లేని గుంటల్లో కూడా పొరను వేసి, ఆ విలువను తీసివేయండి. ఎలుకల దగ్గరికి వెళ్తే మరో చిక్కు: వాటి చర్మం కింద పలుచని కండర పొర ఉండడం వల్ల గాయం ప్రధానంగా ముడుచుకుని మూసుకుంటుంది, మన చర్మంలో అది అంతగా జరగదు. గాయం చుట్టూ సిలికాన్ వలయం అతికించి ముడుచుకోకుండా ఆపిన నమూనానే ఎంచుకోండి. లేకపోతే ఏ కట్టు వేసినా గాయం మూసుకున్న చిత్రాలు అందంగా వస్తాయి.

పసుపు గాయాలను మాన్పుతుందన్న దానిపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయింది, భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) వేసిన సవాలు ఫలితంగా. కాబట్టి కొత్తదనం కర్క్యుమిన్ మాన్పుతుందన్న మాటలో లేదు, దాన్ని ఎంతసేపు, ఏ రూపంలో పుండుపై నిలబెట్టగలరన్న దానిలో ఉంది. మీ థీసిస్ శీర్షిక కూడా ఆ వైపే ఉంటే బాగుంటుంది.

ప్రశ్నించినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. పీసీఎల్, జిలాటిన్ మిశ్రమంతో ముందుకు వెళ్తాను, విడుదల పరీక్షను సీరంతో మళ్లీ చేస్తాను. పొరలో క్లోరోఫాం మిగిలి ఉంటే ఎంతవరకు అనుమతిస్తారు?

జవాబు 1 నుంచి

అంతర్జాతీయ ఔషధ మార్గదర్శకాల్లో క్లోరోఫాం పరిమితి 60 పీపీఎం (పది లక్షల భాగాల్లో 60). జిలాటిన్‌ను క్లోరోఫాంలో కరిగించలేరు కాబట్టి, ఎలాగూ ద్రావణి మార్చక తప్పదు. ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల మిశ్రమంలో రెండూ కరుగుతాయి, కానీ ద్రావణాన్ని చేసిన రోజే వాడేయండి, నిల్వ ఉంటే ఆమ్లం పీసీఎల్ గొలుసులను తెంపుతుంది. పొరను కనీసం రెండు రోజులు వాక్యూమ్‌లో ఆరబెట్టండి, మిగిలిన ద్రావణిని గ్యాస్ క్రొమటోగ్రఫీతో చూడండి. ఓవెన్‌లో మాత్రం పెట్టకండి, పీసీఎల్ 60 డిగ్రీల దగ్గర కరిగి మీ పోగులన్నీ ముద్ద అయిపోతాయి.