341550071728321ని ప్రధాన సంఖ్య అని రాసేయొచ్చా? (శేషం, కారణాంకం, ఘాతం64 అనే ముగ్గురి మధ్య చర్చ)

శేషం: 2, 3, 5, 7, 11, 13, 17, 19 బేస్‌లతో మిల్లర్–రాబిన్ పరీక్ష (బేస్ అనే ఎంచుకున్న సంఖ్య ఘాతాల శేషాలు చూసి, ఇచ్చిన సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చేది) పెడితే ఈ సంఖ్య ఎనిమిదింట్లోనూ నెగ్గింది. ఒక్కో పరీక్షలో సంయుక్త సంఖ్య తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు. ఎనిమిదింటికీ కలిపి 65536లో 1. పట్టికలో ప్రధాన సంఖ్య అని రాస్తే తప్పేంటి?

కారణాంకం: తప్పే. దాన్ని 3తో గుణించి 1 కలపండి. 1024650215184964 వస్తుంది, అది 32010158కి వర్గం. అంటే మూడు రెట్లు చేసిన సంఖ్య 32010157 × 32010159. రెండోదాన్ని 3తో భాగిస్తే 10670053. మీ సంఖ్య 10670053 × 32010157, అంతే.

ఘాతం64: కోడ్ ఒకసారి చూసుకోండి శేషం గారూ. పరీక్షలో వర్గాలు చేస్తూ పోవాలి; సంఖ్యకు 15 అంకెలు, దాని వర్గానికి 30. 64 బిట్లలో పట్టదు, శేషం తీసేలోపే పై బిట్లు ఎగిరిపోతాయి.

శేషం: పెద్ద పూర్ణాంకాల లైబ్రరీయే వాడాను. అయినా బిట్లు పోతే అసలైన ప్రధాన సంఖ్యలే పరీక్ష తప్పుతాయి గానీ, ఇలా ఎనిమిదిసార్లు వరసగా నెగ్గడం జరగదు కదా.

కారణాంకం: నిజమే, కోడ్‌లో తప్పు లేదు. ఆ ఎనిమిది బేస్‌లనూ బోల్తా కొట్టించే సంయుక్త సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది ఇదే. 23 వేయండి, దొరికిపోతుంది. తప్పంతా ఆ 65536లో ఉంది. బేస్‌లను యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే ఆ లెక్క చెల్లుతుంది. ఈ సంఖ్యకు చిన్న కారణాంకంలోంచి 1 తీస్తే 10670052, పెద్దదాంట్లోంచి తీస్తే సరిగ్గా దానికి మూడు రెట్లు. అందువల్ల సుమారు ఎనిమిదో వంతు బేస్‌లు దీన్ని ప్రధానమని అబద్ధం చెబుతాయి. చిన్న ప్రధాన సంఖ్యలు ఎనిమిదీ ఆ గుంపులోనే పడ్డాయి. ఎనిమిది బేస్‌లను చీటీలు తీసినట్టు తీసి ఉంటే మోసపోయే అవకాశం దాదాపు 1,67,77,216లో 1.

ఘాతం64: అయితే పట్టికలో అన్నిటికీ “బహుశా ప్రధానం” అని పెట్టడమే నిజాయితీ.

కారణాంకం: ఒప్పుకోను. 3825123056546413051 కన్నా చిన్న సంఖ్యలకు 2 నుంచి 23 దాకా ఉన్న తొమ్మిది ప్రధాన బేస్‌లూ నెగ్గితే అది రుజువే. 64 బిట్ల సంఖ్యలన్నిటికీ 37 దాకా పన్నెండు చాలు. రుజువున్న చోట “బహుశా” దేనికి?

శేషం: నేరుగా భాగించి చూస్తే?

కారణాంకం: వర్గమూలం దాకా భాగించి చూడాలి, అది 1.85 కోట్లకు కాస్త తక్కువ. ఒక్క సంఖ్యకైతే కంప్యూటర్‌కు చిటికెలో పని. లక్ష వరసల పట్టికకు మాత్రం పెట్టుకోకండి.

ఘాతం64: 64 బిట్ల లోపు మీ మాటే ఒప్పుకుంటున్నాను. అది దాటితే మాత్రం వేసిన బేస్‌లు పక్క గడిలో ఉండాల్సిందే. “ఎనిమిది బేస్‌లు” అని సంఖ్య ఒక్కటే రాస్తే మళ్లీ ఇదే గొడవ.

శేషం: ఆ గడి కలుపుతున్నాను. ఈ వరసను సంయుక్తంగా మార్చి, కారణాంకాలు రెండూ రాశాను.