నాన్నగారికి ఎల్-ఆర్జినిన్ పొడి ఇవ్వొచ్చా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నాన్నగారు డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది. మా బావగారు ఎల్-ఆర్జినిన్ (దీని నుంచే శరీరం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారుచేసుకుంటుంది) పొడి తెచ్చి, "నైట్రిక్ ఆక్సైడ్ పెరిగితే మెదడుకి రక్తం బాగా అందుతుంది" అంటున్నారు. ఆ వాయువు రక్తనాళాలను వదులు చేసే మాట నిజమే, ఆ పరిశోధనకే 1998లో నోబెల్ ఇచ్చారు. కానీ మెదడులో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే అదే వాయువు మితిమీరి తయారై, సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారి నాడీకణాలను దెబ్బతీస్తుందని చదివాను. మరి పెంచడం మంచిదెలా అవుతుంది? పైగా బీపీ మరీ పడిపోతుందేమోనని టెన్షన్. డబ్బా మూత తీయనివ్వలేదు, బావగారు అలిగారు, అది వేరే సంగతి. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. తెలిసినవాళ్లు చెప్పండి, మతిమరుపుకి బీ12, థైరాయిడ్ పరీక్షలు ముందే చేయించి తీసుకెళ్లాలా?