టెలిస్కోప్ మౌంట్ బోర్డు: స్క్రీన్ వెలుగుతోంది, మోటార్లు కదలవు

చుక్కలరాయుడు (వరంగల్):
సెకండ్‌హ్యాండ్‌లో ఈక్వటోరియల్ మౌంట్ (చుక్కల కదలికకి తగ్గట్టు టెలిస్కోప్‌ని తిప్పే స్టాండ్) కొన్నాను. హ్యాండ్ కంట్రోలర్ వెలుగుతోంది కానీ "నో రెస్పాన్స్" అంటోంది. అమ్మినాయనేమో నిరుడు బాగానే తిరిగిందంటాడు. సర్వీసువాళ్లు బోర్డు మొత్తం మార్చాలన్నారు. ఆ డబ్బుకి ఇంకొంచెం వేస్తే ఇంకో పాత మౌంటే వస్తుంది. బోర్డు బాగు చేయించినవాళ్లున్నారా?

సోల్డర్‌సుబ్బు:
అన్నా, స్క్రీన్ వెలిగినంత మాత్రాన బోర్డు బాగున్నట్టు కాదు. చాలా మౌంట్లలో 12 వోల్టులు నేరుగా హ్యాండ్ కంట్రోలర్‌కి వెళ్తాయి, వోల్టేజి తగ్గించే రెగ్యులేటర్ దానికి వేరే ఉంటుంది. మల్టీమీటర్‌తో పవర్ జాక్ దగ్గర, డయోడ్ దాటాక, బోర్డు మీది రెగ్యులేటర్ అవుట్‌పుట్ దగ్గర వరసగా చూడు. తర్వాత పవర్ తీసేసి 5 వోల్టుల లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఓమ్స్ కొలువు.

రేవతి27:
రాయుడు గారూ, పవర్ ఆన్‌లో ఉండగా మోటార్ కనెక్టర్ మాత్రం పీకకండి. స్టెప్పర్ (అంచెలంచెలుగా తిరిగే) మోటారైతే దాన్ని నడిపే డ్రైవర్ చిప్ కూడా పోతుంది.

చుక్కలరాయుడు:
జాక్ దగ్గర 12.4. రెగ్యులేటర్ వేలు పెట్టలేనంత వేడి, అవుట్‌పుట్ 1 వోల్టు కూడా లేదు. గ్రౌండ్‌కి 2 ఓమ్స్ చూపిస్తోంది.

సోల్డర్‌సుబ్బు:
షార్టే. నా అనుమానం ఆ పసుపు టాంటలం కెపాసిటర్ల మీద. అవి పోయాయంటే ఎక్కువగా షార్ట్ అయ్యే పోతాయి. రెగ్యులేటర్ అవుట్‌పుట్ దగ్గర బెంచ్ సప్లై (వోల్టులు, కరెంట్ మనమే సెట్ చేసుకునే పవర్ సప్లై) నుంచి 1 వోల్టు ఇవ్వు, కరెంట్ లిమిట్ 1 ఆంపియర్ పెట్టు. బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా పూస్తే ముందు ఎక్కడ ఆరిపోతుందో అదే దొంగ.

కొత్తది వేసేటప్పుడు గీత చూసుకో. మామూలు డబ్బా ఎలక్ట్రోలైటిక్ మీద గీత మైనస్, టాంటలం మీద గీత ప్లస్! తిరగేసి వేస్తే నిప్పంటుకుంటుంది. రేటింగ్ కనీసం రెట్టింపు ఉండాలి: 5 వోల్టుల లైన్‌కి 16, 12 వోల్టుల లైన్‌కి 25 లేదా 35.

కోఠీవాసి:
పార్టులు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. చేయి తిరగకపోతే మొబైల్ రిపేర్ షాపుకి తీసుకెళ్లండి, పార్టులు ఊడదీసే హాట్ ఎయిర్ మెషిన్ ఉంటుంది. టెలిస్కోప్ అంటే భయపడతారు. "ఇది తీసి ఇది వేయి" అనండి చాలు.

రేవతి27:
కెపాసిటర్ అయితే సరే. బోర్డుకి మెదడులాంటి మైక్రోకంట్రోలర్ చిప్ లోపలే షార్ట్ ఉంటే ఏ షాపూ ఏమీ చేయలేదు. పాత ఓనర్ ఆర్ఎస్-232 (పాత కంప్యూటర్ సీరియల్) కేబుల్‌ని నేరుగా 5 వోల్టుల టీటీఎల్ పోర్టుకి పెట్టి ఉండొచ్చు. ఆ కేబుల్లో సిగ్నల్ మైనస్ వోల్టులకీ వెళ్తుంది, 5 వోల్టుల చిప్ తట్టుకోదు. అదే రకం చిప్ కొన్నా లోపల ప్రోగ్రామ్ ఉండదు, పాతదాన్లోంచి చదవకుండా సాధారణంగా లాక్ చేసి ఉంటారు. అప్పుడిక పాత బోర్డు బదులు ఆన్‌స్టెప్‌కి (మనమే కట్టుకునే మౌంట్ కంట్రోలర్) మారడమే మేలు. ఈఎస్పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు, టీఎంసీ మోటార్ డ్రైవర్లు చాలు, ఫర్మ్‌వేర్ ఉచితం. స్టెప్పర్ మోటార్లుంటే సులువు, సర్వో అయితే తలనొప్పే.

చుక్కలరాయుడు:
అంతదాకా రాలేదండీ! రెగ్యులేటర్ పక్క టాంటలం మీదే ముందు ఆరింది. అది తీయగానే షార్ట్ పోయింది. కొత్తది వేయించాను, ఆర్ఏ (తూర్పు-పడమర తిప్పే) మోటారు తిరుగుతోంది. డెక్ (ఉత్తర-దక్షిణ తిప్పే) మోటారు మాత్రం ఉన్నచోటే వణుకుతోంది. రెండూ స్టెప్పర్లే.

సోల్డర్‌సుబ్బు:
ఒక కాయిల్‌కి కరెంట్ అందట్లేదు. ముందు డెక్ కనెక్టర్ పిన్నులు చూడు, తేమకి పచ్చగా చిలుము పడుతుంది. శుభ్రం చేసినా వణికితే, పవర్ ఆపి రెండు మోటార్ల ప్లగ్గులూ అటూ ఇటూ మార్చు. వణుకు ఆర్ఏ మోటారుకి మారితే బోర్డు మీద డెక్ డ్రైవర్ పోయినట్టు. డెక్ మోటారే వణికితే మోటారో, వైరో. డ్రైవర్ చిప్ అయితే దాని మీద నంబర్ ఫోటో తీసి పెట్టు, సరిపోయేది వెతుకుదాం.