రుమేనియా అవాంగార్డ్ (సంప్రదాయాన్ని తెంచుకున్న ప్రయోగాత్మక) వచనంలో కాలం నిజంగా రద్దయిందా? (చిత్తుప్రతి, మెట్లబావి, రాత్రిబండి అనే ముగ్గురి చర్చ)

చిత్తుప్రతి:
నా వాదన ఒక్కటే, రద్దయింది. రుమేనియా రచయిత ఉర్ముజ్ కథలు చూడండి. 1922లో కవి తుదోర్ అర్గేజి అచ్చువేసిన ‘గరాటు, స్తమాతే’ కథలో నిన్న లేదు, రేపు లేదు. చివర్లో స్తమాతే బండి ఎక్కి, పిడి తిప్పుతూ, అంతకంతకూ కుంచించుకుపోతూ సూక్ష్మమైన అనంతంలోకి సాగిపోతాడు. అక్కడ గడియారానికి పనేముంది?

మెట్లబావి:
ఒప్పుకోనండీ. ఉర్ముజ్‌దే ‘ఇస్మాయిల్, తుర్నావితు’ కథ మళ్లీ చదవండి. తుర్నావితు ఏడాదికొకసారి డబ్బా రూపం ఎత్తుతాడు, నిండా కిరసనాయిలు పోస్తే మజోర్కా, మినోర్కా దీవులకు బయల్దేరతాడు. ఎందుకో ఉర్ముజ్ చెప్పడు గానీ ఎప్పుడో మాత్రం చెబుతాడు. ఉర్ముజ్ బుకారెస్టులో కోర్టు గుమాస్తా. ఆయన తెంపింది కారణాన్ని, క్యాలెండర్‌ను కాదు.

చిత్తుప్రతి:
ఆ గడువులు ఉత్త అలంకారం. అదే కథలో ఇస్మాయిల్ తన జంతువులను దోబ్రోజా ప్రాంతంలో గోతి అడుగున 16 ఏళ్లు నిండేదాకా పెంచుతాడు. ఆ 16 తీసేసి 60 పెట్టండి, ఏం పోయింది?

మెట్లబావి:
కథంతా పోతుంది! ఆ వయసు నిండాక తాను చేసే అకృత్యానికి నేరశిక్ష అంటదనే ఇస్మాయిల్ అంతకాలం ఆగుతాడు. కథలోనే ఉంది ఆ మాట. ఆ క్రౌర్యమంతా గడువులోనే ఉంది. చట్టం లెక్కపెట్టే కాలం అది, మనిషి బతికే కాలం కాదు. నాకు ఉర్ముజ్‌లో అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే.

రాత్రిబండి:
ఉర్ముజ్ దగ్గరే ఆగిపోతే ఎలా? మరో రుమేనియా రచయిత మాక్స్ బ్లెకర్ సంగతేమిటి? వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచం పట్టి 1938లో, ముప్పై నిండకుండానే పోయాడు. 1937 నాటి ఆయన నవల ‘మచ్చపడిన గుండెలు’లో ఇమాన్యుయెల్ అనే రోగి, బెర్క్ అనే ఊళ్లోని శానిటోరియంలో ప్లాస్టర్ కట్టులో పడుకునే తింటాడు, పడుకునే ఊరు తిరుగుతాడు, ప్రేమిస్తాడు. అక్కడ కాలం రద్దు కాలేదు, మోయలేనంత ఉంది.

చిత్తుప్రతి:
కానీ ఆ నవల నడక మామూలేగా. జబ్బు బయటపడటం, చేరడం, వెళ్లిపోవడం, అంతా వరసలోనే. అవాంగార్డ్ అనాలంటే బ్లెకర్‌దే 1936 నాటి ‘తక్షణ అవాస్తవంలో సంఘటనలు’ తీసుకోవాలి.

రాత్రిబండి:
సరే, అదే తీసుకుందాం. అందులో పిల్లవాడికి మూర్ఛలాంటి స్థితి కొన్ని చోట్లకు వెళితేనే వస్తుంది. జ్ఞాపకాలు తేదీల వెంట కాక ఆ చోట్ల వెంట నడుస్తాయి. ఎప్పుడు జరిగిందన్నది చెరిగి, ఎక్కడ జరిగిందన్నది గట్టిపడుతుంది. ఉర్ముజ్‌కు ఇది పూర్తిగా ఎదురు. అందుకే ఇద్దరికీ కలిపి ‘రద్దు’ అనే తీర్పు ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తోంది.