ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్స్‌లో కోతలు: మీకూ ఇలాగే అయిందా?

నిజాంపేట అద్దెదారు:
నాలుగేళ్లున్న ఇల్లు గత నెలాఖరున ఖాళీ చేశాం. అద్దె 18 వేలు, అడ్వాన్స్ 36 వేలు. నెల ముందే చెప్పాం, కరెంటు బిల్లు కట్టేశాం. తాళాలు ఇస్తుంటే ఓనరు గారు డైరీ తీసి లెక్క చదివారు. పెయింటింగ్‌కు ఒక నెల అద్దె, వంటింటి గోడ చెమ్మకు 9 వేలు, మేకుల చిల్లులకు 1,500. మా చేతికి వచ్చేది 7,500! పెయింటింగ్ మాట అగ్రిమెంట్‌లో ఉంది, కాదనను. చెమ్మ మాత్రం పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి దిగుతోంది, మేం చేరేటప్పటికే ఉంది. ఏం చేయమంటారు?

బెజవాడ బాబాయ్:
సంతకం పెట్టారు కాబట్టి పెయింటింగ్ డబ్బులు వదిలేయండి. మిగతా వాటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ చూడండి. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, ఇల్లు ఎలా తీసుకున్నారో అలా అప్పగించాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మాత్రం మీ లెక్కలోకి రాదు. క్యాలెండర్ మేకు అరుగుదలే అంటాను నేను. చెమ్మ గురించి ఎప్పుడైనా రాసి పంపారా?

నిజాంపేట అద్దెదారు:
లేదండీ, ఫోన్‌లోనే చెప్పాం. ఒకసారి వచ్చి చూసి "ఎండాకాలం ఆరిపోతుందిలే" అన్నారు. ఇంకోటి, మా అగ్రిమెంట్ 11 నెలలదే. మళ్లీ రాసుకోలేదు.

బెజవాడ బాబాయ్:
1908 రిజిస్ట్రేషన్ చట్టం మొదట్లో ఏడాది దాటిన అద్దెలకే రిజిస్ట్రేషన్ అడిగేది; మన తెలుగు రాష్ట్రాల్లో 1999 సవరణ నుంచి ఎంత గడువుకైనా చేయించాలి. ఆ పాత అలవాటుతోనే అందరూ ఇంకా 11 నెలలకు రాసుకుంటారు. గడువు అయ్యాక కూడా ఆయన అద్దె తీసుకుంటూ వచ్చారు కదా, ఇల్లు నెలవారీ అద్దె కింద నడిచినట్టే. ఖాళీ చేయాలన్నా, చేయించాలన్నా 15 రోజుల నోటీసు. మీరు నెల ఇచ్చారు, ఆ విషయంలో టెన్షన్ వద్దు.

మియాపూర్ ఓనరు:
మా గోడు కూడా వినండి. నా దగ్గరున్న కుర్రాళ్లు చివరి రెండు నెలలు అద్దె ఎగ్గొట్టి "అడ్వాన్స్‌లో పట్టుకోండి అంకుల్" అన్నారు. వెళ్లాక చూస్తే కరెంటు బాకీ 4,300. మీటరు నా పేరున ఉంది, లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకితే పరుగెత్తింది నేనే. పావురాల జాలీ చించేశారు, గీజరు పని చేయడం లేదు. ఇప్పుడు మూడు నెలల అడ్వాన్స్ లేనిదే తాళం ఇవ్వను.

బెంగళూరు బాటసారి:
మూడు నెలలేనా! ఇక్కడ పది నెలలది ఇచ్చి కూర్చున్నాను. ఇళ్లకు రెండు నెలలే తీసుకోవాలని 2021 చట్టంలో లేదా?

బెజవాడ బాబాయ్:
అది కేంద్రం తెచ్చిన నమూనా చట్టం. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది.

గుంటూరు గోంగూర:
స్టేషన్‌కి మాత్రం పోకండి, "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేస్తారు. మా అక్క జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలు సాయం ఉచితం. వాళ్లు పెట్టే లోక్ అదాలత్‌కి కోర్టు ఫీజు లేదు, అక్కడిచ్చే అవార్డు (తీర్పు) మీద అప్పీలూ ఉండదు. కాకపోతే రెండో పక్షం రాజీకి ఒప్పుకోవాలి. అక్క ఓనరు రెండో వాయిదాకే దారికొచ్చాడు. ఫోన్ చేయాలంటే 15100. మీ ఆవిడ పేరు అగ్రిమెంట్‌లో ఉందా? అసలు చేరిన రోజు ఫొటోలేమైనా ఉన్నాయా?

నిజాంపేట అద్దెదారు:
ఇల్లు చూపించేలా ఫొటోలేం తీయలేదు. పాలు పొంగించినప్పుడు మా మరదలు వీడియో తీసింది, వెతుకుతాను.

నిజాంపేట అద్దెదారు (వారం తర్వాత):
దొరికింది! గిన్నెలో పాలు పొంగుతుంటే స్టవ్ వెనక గోడ మీద అరచేతంత చెమ్మ మరక, పక్కనే పెచ్చులూడిన సున్నం. మా అత్తయ్య "అయ్యో, ఈ గోడేంటమ్మా ఇలా ఉంది" అన్న మాట కూడా రికార్డయింది. తేదీతో సహా ఓనరు గారికి వాట్సాప్ చేశాను. రెండు రోజులు చూసి ఊరుకున్నారు. మూడో రోజు ఫోన్ చేసి "చెమ్మ ముందే ఉందని మావాడు చెప్పలేదు" అన్నారు, సాయంత్రానికి 16,500 వేశారు. చిల్లుల 1,500 నేనింక అడగలేదు. టీవీ స్టాండు దగ్గరిది కాస్త పెద్ద చిల్లే లెండి.