రిపోర్టులో కొత్త మచ్చలు లేవు, కానీ అక్క నడక తగ్గింది. ఏ స్కాన్ చేయిస్తే తెలుస్తుంది?

వానచినుకు:
మా అక్కకి ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) అని తేలి నాలుగేళ్లయింది. మందు మానకుండా వాడుతోంది, ఏడాదికోసారి బ్రెయిన్ ఎమ్మారై చేయిస్తున్నాం. ఈసారి రిపోర్టులోనూ "కొత్త లీజియన్లు లేవు, గాడోలినియంతో వెలిగేవి లేవు" అనే ఉంది. లీజియన్లంటే మచ్చలు, గాడోలినియం అంటే కొత్త మచ్చలు వెలిగి కనిపించడానికి స్కాన్‌కి ముందు ఇచ్చే ఇంజెక్షన్ మందు. సంతోషించాల్సిన మాటే, కానీ ఇంట్లో చూస్తుంటే అలా లేదు. మొన్న కుడికాలి చెప్పు జారి వెనకే ఉండిపోతే నాలుగడుగులు వేసేదాకా తనకి తెలియలేదు. ఆరు నెలల క్రితం ఇలా లేదు. రిపోర్టు తప్పా, మేమే అనవసరంగా టెన్షన్ పడుతున్నామా? అయస్కాంత బలం ఎక్కువుండే 3 టెస్లా మెషిన్‌లో అడ్వాన్స్‌డ్ స్కాన్ తీయిస్తే ఇంకేమైనా బయటపడుతుందా?

స్కాన్‌గది:
ఎమ్మారై టెక్నీషియన్‌ని. ముందు ఒకటి చెప్పండి, పాత స్కాన్, కొత్త స్కాన్ ఒకే మెషిన్ మీద, ఒకే పద్ధతిలో తీశారా? రిపోర్టు రాసినవాళ్ల దగ్గర పాత బొమ్మలు ఉన్నాయా? చాలామంది కాగితం మాత్రమే పట్టుకొస్తారు, సీడీ ఇంట్లో ఉండిపోతుంది. పాతవి పక్కన పెట్టుకోకుండా కొత్తవి లేవని ఎలా చెప్పగలం! స్లైసులు మందంగా తీస్తే చిన్న మచ్చ వాటి మధ్య సందులో పడిపోతుంది, తల కాస్త వంచి పడుకున్నా పాత మచ్చే ఈసారి వేరేచోట ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే 1 మిల్లీమీటరు మందంతో 3డీ ఫ్లెయిర్ (మచ్చలు తెల్లగా తేలి కనిపించే ఎమ్మారై పద్ధతి) తీస్తారా అని అడగండి. 3 టెస్లాలో మచ్చలు ఎక్కువ దొరికే మాట నిజమే, కానీ 1.5 అయినా పద్ధతిగా తీస్తే పనికొస్తుంది. మధ్యలో మెషిన్ మారిస్తే మాత్రం పోలిక చెడుతుంది.

వెన్నెలదారి:
నాకూ ఎమ్మెసే. మొదట్లో నా మచ్చలు మైగ్రేన్ వల్ల వచ్చినవేమో అన్నారు, దాదాపు ఏడాది ఎటూ తేలలేదు. తర్వాత ఒక డాక్టరమ్మ ఎస్‌డబ్ల్యూఐ అనే సీక్వెన్స్ (సిరలు, ఇనుము నల్లగా కనిపించే ఎమ్మారై పద్ధతి) తీయించి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించారు. తెల్ల మచ్చ నడిమధ్యలోంచి సన్నటి నల్ల గీత. అది సిర. ఎమ్మెస్ మచ్చ చిన్న సిర చుట్టూ పుడుతుందట, మైగ్రేన్ మచ్చల్లో ఇలా తక్కువగా కనిపిస్తుందట. ఆ గీత చూశాకే నాకు మనసు కుదుటపడింది, రోగం ఉందని తెలిసి కూడా. ఇంకో మాట, గాడోలినియంతో వెలగలేదంటే గత కొన్ని వారాల సంగతే తెలిసినట్టు. ఒక మచ్చ సాధారణంగా 2 నుంచి 8 వారాలే వెలుగుతుంది, నాలుగు నెలల కిందటిదైతే ఇప్పుడు వెలగదు. ఏటా ఆ ఇంజెక్షన్ తప్పనిసరి కాదని 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్పాయి, డాక్టర్ని అడగండి.

నరాలబాట:
న్యూరాలజీలో పనిచేస్తున్నాను. వానచినుకు గారూ, మీ భయం అనవసరమైనది కాదు. రిపోర్టూ తప్పు కాకపోవచ్చు. స్కాన్‌లో కనిపించేదానికీ మనిషి పడే ఇబ్బందికీ పొంతన కుదరకపోవడం ఈ జబ్బులో మేం రోజూ చూసేదే. నన్నడిగితే మొదట అడగాల్సింది వెన్నుపాము స్కాన్. మీరు బ్రెయిన్ అని మాత్రమే రాశారు, కాలి తిమ్మిరికీ బలహీనతకీ వెన్నుపాములో చిన్న మచ్చ చాలు, అది తల స్కాన్‌లో రాదు. రెండోది, కొత్త మచ్చ పుట్టకుండానే పాత మచ్చ అంచుల్లో మంట (ఇన్‌ఫ్లమేషన్, మనకి తెలిసే మంట కాదు) నెమ్మదిగా సాగుతుండవచ్చు. అక్కడ ఇనుము నిండిన మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక) కణాలు చేరతాయి, ఎస్‌డబ్ల్యూఐలో మచ్చ చుట్టూ నల్లటి అంచులా కనిపిస్తాయి. ఎమ్మెస్‌ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల 2024 సవరణలో ఈ అంచునీ, పైన చెప్పిన సిర గుర్తునీ, కంటి నరాన్నీ కూడా చేర్చారు. అయితే అవి నిర్ధారణ కోసం. అంచు కనిపించిందని వెంటనే మందు మార్చేయాలన్న నియమం లేదు. మెదడు కుంచించుకుపోవడాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి, కానీ నీళ్లు తక్కువ తాగినా ఆ అంకె కాస్త మారుతుంది, కాబట్టి ఒక్క మనిషి విషయంలో ఒక్క ఏడాది అంకె మీద నేను ఆధారపడను. ఇవన్నీ చేయించేలోపు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూపించండి, జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉంటే పాత లక్షణాలే తిరగబెడతాయి. 25 అడుగుల (ఫీట్) దూరం నడవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో వారానికోసారి రాసి పెట్టండి. అది డాక్టర్‌కి ఏ స్కాన్‌కీ తీసిపోని సమాచారం.

వానచినుకు:
చాలా థాంక్సండీ. పాత సీడీలు వెతికితే నాలుగింటిలో మూడు దొరికాయి, రెండు ఒక మెషిన్‌వి, ఒకటి వేరేది. వెన్నుపాముకి ఇంతవరకు ఒక్కసారే తీశారు, అదీ మొదటి ఏడాది. ఈ సాయంత్రం వరండాలో టేపుతో 25 అడుగులు కొలిచి గీత గీశాను. అక్క ఒప్పుకుంది, మొదటిసారి 9 సెకన్లు పట్టింది. రేపు డాక్టర్ దగ్గరికి సీడీలు, ఈ అంకె రెండూ తీసుకెళ్తున్నాం.