విశాఖలో రాత్రి దాకా వచ్చే బ్యాటరీ కొండ మీద సాయంత్రానికే అయిపోతోంది, ఎందుకు?

ప్రశ్న (పాడేరు వైపు టీచర్):
పాడేరు అవతల కొండ మీద ఊళ్లో బడి మాది. పొద్దున నూరు శాతంతో బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి సగం, సాయంత్రం బండెక్కేసరికి పది శాతం. వాడేది హాజరు యాప్, భోజనాల ఫొటోలు, అంతే. సెలవులకి విశాఖ వెళ్తే ఇదే ఫోన్ రాత్రి దాకా వస్తుంది. రెండు సిమ్‌లున్నాయి. షాపులో బ్యాటరీ మార్చమన్నారు. మార్చాలా? ఘాట్ రోడ్డులో బండి ఆగితే ఎవరికైనా ఫోన్ చేయడానికైనా ఛార్జింగ్ ఉండాలి కదా, అదే టెన్షన్.

జవాబు:
డార్క్ మోడ్ పెట్టండి. గంటకోసారి రీసెంట్ యాప్స్ అన్నీ క్లియర్ చేయండి, నేనలాగే చేస్తాను.

జవాబు (నర్సీపట్నం, మొబైల్ రిపేరు):
మేడమ్, అప్పుడే బ్యాటరీ మార్చకండి. అది పాడైతే విశాఖలోనూ ఇలాగే దిగిపోవాలి. మీ ఫోన్ తినేది సిగ్నల్ కోసం. టవర్ దూరమైతే ఫోన్ ఎక్కువ పవర్‌తో మాట్లాడాలి. సిగ్నల్ అసలు లేని సిమ్ అయితే జేబులో ఉన్నా నెట్‌వర్క్ కోసం వెతుకుతూనే ఉంటుంది. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లలో నేను ముందు చూసేది ఇదే.

బడిలో ఉన్నప్పుడు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, దాంట్లో సిమ్ స్టేటస్ తెరవండి. ఫోన్‌ని బట్టి పేర్లు కొంచెం మారతాయి. సిగ్నల్ స్ట్రెంత్ మైనస్ 85, 90 దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటి 115, 120 వైపు వెళ్తే బాగా బలహీనం. రెండు సిమ్‌లకీ విడివిడిగా చూడండి.

పైన చెప్పిన రీసెంట్స్ క్లియర్ చేయడం వల్ల లాభం లేదండీ. రోజూ వాడే యాప్‌ని మూసేస్తే మళ్లీ మొదటి నుంచి తెరుచుకోవడానికే ఎక్కువ ఖర్చవుతుంది. ఫోన్ వాడకుండా పక్కన పెట్టినప్పుడు యాప్‌ల పనిని తగ్గించడానికి డోజ్ అనే పద్ధతి 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచే ఉంది. డార్క్ మోడ్ అమోలెడ్ స్క్రీన్‌కి పనికొస్తుంది, దాంట్లో నల్లగా ఉన్న చోట వెలుగు ఆరిపోతుంది. వెనక లైటు ఎప్పుడూ వెలిగే ఎల్‌సీడీ అయితే పెద్ద తేడా ఉండదు.

టీచర్:
చూశానండీ. మొదటి సిమ్ స్టాఫ్ రూమ్‌లో మైనస్ 116, వరండా చివర మైనస్ 103. రెండోదానికి నో సర్వీస్. అది బ్యాంకు ఓటీపీల నంబరు, తీసేయలేను.

జవాబు (నర్సీపట్నం, మొబైల్ రిపేరు):
తీయక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ఆ సిమ్‌ని ఆఫ్ చేసి, పాడేరు దిగాక ఆన్ చేసుకోండి. ఎలాగూ సిగ్నల్ లేని చోట ఓటీపీ రాదు కదా. మొదటి సిమ్‌లో 5జీ ఉంటే 4జీకి మార్చండి, లేకపోతే రెండింటి మధ్యా తిరుగుతూ ఉంటుంది. ఫోన్ బీరువాలోనో బ్యాగు అడుగునో కాకుండా వరండా వైపు కిటికీలో ఉంచండి, ఎండ మాత్రం తగలనివ్వకండి, వేడి బ్యాటరీ ఆయుష్షు తీసేస్తుంది. పాఠం చెప్పేటప్పుడు ఫోన్ అవసరం లేకపోతే ఏరోప్లేన్ మోడ్. పిల్లలకి చూపించే వీడియోలు విశాఖలోనే డౌన్‌లోడ్ చేసుకెళ్లండి, బలహీన సిగ్నల్‌లో వీడియో లాగడమంత దండగ ఇంకోటి లేదు.

ఇవన్నీ చేశాక కూడా దిగితే, రాత్రి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పడుకోండి. పొద్దునకి రెండు మూడు శాతమే తగ్గితే బ్యాటరీకి ఢోకా లేదు. పదిహేను, ఇరవై తగ్గితే బ్యాటరీ యూసేజ్ పేజీలో పైన ఏ యాప్ ఉందో ఇక్కడ రాయండి, చూద్దాం.